సీటీ తీశాక మళ్ళీ తొడలో పైపు ఎందుకు? ఏడు నెలల బాబు తల్లికి జవాబు

ప్రశ్న: అక్కా, మాది కందుకూరు దగ్గర పల్లెటూరు. మా బాబుకి ఇప్పుడు ఏడు నెలలు, ఆరున్నర కేజీలున్నాడు. పుట్టిన మూడు వారాలకే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఒకచోట ఇరుకుగా ఉందని ఆపరేషన్ చేశారు. బాగానే ఉన్నాడనుకుంటుంటే, మొన్న చెకప్‌లో అదే చోట మళ్ళీ ఇరుకైందని, చేతి బీపీకీ కాలి బీపీకీ బాగా తేడా ఉందని చెప్పారు. ముందు సీటీ యాంజియో తీస్తారట, తర్వాత తొడ దగ్గర రక్తనాళంలోంచి పైపు పంపి బెలూన్ చేస్తారట. స్కాన్‌లో అంతా కనపడ్డాక మళ్ళీ పైపు దేనికి? పుట్టినప్పుడు బొడ్డులోంచి పైపు వేశారు, ఇప్పుడూ అలాగే వేయొచ్చు కదా? మా మామయ్యకి చేతి మణికట్టులోంచి చేశారు, అలా అయినా కుదరదా? మా అత్తయ్యేమో ‘కాలి నరంలో పైపు పెడితే కాలు సన్నబడిపోద్ది, వద్దు’ అని పట్టుబట్టి కూర్చుంది. మా ఆయన ఎమ్మారై అయితే రేడియేషన్ ఉండదంట, అదే చేయిద్దాం అంటున్నాడు. నాకు నిద్ర పట్టట్లేదు.

జవాబు: చెల్లీ, ముందు మీ అత్తయ్య మాటకే జవాబు చెప్తాను, ఇంట్లో రోజూ నడిచేది ఆ గొడవే అయివుంటుంది. ఆమె భయం వట్టిది కాదు. చంటిబిడ్డ తొడ ధమనిలో, అంటే గుండె నుంచి కాలికి రక్తం తీసుకెళ్ళే నాళంలో, పైపు పెట్టినప్పుడు ఆ కాలికి రక్తం తగ్గే ప్రమాదం నిజంగానే ఉంది. మనతో సంతకం పెట్టించుకునే కాగితంలో కూడా ఆ మాట ఉంటుంది, కాకపోతే ఆ టెన్షన్‌లో ఎవరూ చదవరు. అలాగని బెలూన్ మానేస్తే సరిపోతుందా అంటే, ఆ ఇరుకులోంచి రక్తాన్ని తోయడానికి గుండె రోజూ ఎక్కువ బలం పెట్టాలి, పైభాగంలో బీపీ పెరుగుతుంది, గుండె కండ మందమవుతుంది, కొన్నాళ్ళకి అలిసిపోతుంది. అందుకని ‘చేయించాలా వద్దా’ అన్న గొడవ పక్కనపెట్టి ‘కాలిని ఎలా కాపాడుకోవాలి’ అన్నదాని మీద ఇంటిల్లిపాదీ బుర్ర పెట్టండి. నేను ఇలా రక్తనాళాల్లోంచి పైపులు పంపి వైద్యం చేసే క్యాథ్ ల్యాబ్‌లోనూ పిల్లల ఐసీయూలోనూ చాలా ఏళ్ళు నర్సుగా చేశాను. డాక్టర్‌ని కాను, బాబుకి ఏది చేయాలో తేల్చేది వాళ్ళే. తలుపు లోపల ఏం జరుగుతుందో, తలుపు బయట నువ్వేం చూసుకోవాలో మాత్రం చెప్పగలను.

స్కాన్ల సంగతి చూద్దాం. ఒకప్పుడు లోపలి రక్తనాళాలు చూడాలంటే ధమనిలో పైపు పెట్టి, ఎక్స్‌రేలో కనపడే డై అనే మందు కొట్టి, సినిమాలా తీయడమే దారి. ఇప్పుడు కేవలం ఫొటో కోసం చంటిపిల్లల ధమనిని గుచ్చడం బాగా తగ్గిపోయింది. మొదట ఎకో, అంటే గుండెకి చేసే అల్ట్రాసౌండ్ స్కాన్, చేస్తారు, దానికి సూది లేదు, రేడియేషన్ లేదు. మెడ కింద గుంటలో ప్రోబ్ ఆనించి బృహద్ధమని, అంటే నువ్వు చెప్పిన ఆ పెద్ద రక్తనాళం, వంపు తిరిగే చోటు చూస్తారు, పిల్లలు ఏడ్చేది అక్కడే, మెడ వెనక్కి వంచుతారు కదా. రక్తం ఎంత వేగంగా దూకుతోందో అదే స్కాన్‌లో ఉండే డాప్లర్ చెప్పేస్తుంది. కానీ ఊపిరితిత్తుల గాలి అడ్డొచ్చే చోట, ముందు ఆపరేషన్ చేసి కుట్లు పడిన చోట ఎకోకి పూర్తిగా కనపడదు. అందుకే సీటీ యాంజియో.

ఈ సీటీ యాంజియోకి ధమనితో పని లేదు. చేతికో కాలికో మామూలుగా సెలైన్ పెట్టే నరంలోనే, చంటిపిల్లలకి వాడే పసుపు రంగు సన్న కాన్యులా (24 గేజ్) గానీ, దొరికితే నీలం రంగుది (22 గేజ్) గానీ పెట్టి, అందులోంచి అయోడిన్ ఉన్న డై పంపుతారు. కేజీకి ఒకటిన్నర నుంచి రెండు మిల్లీలీటర్లు మామూలు లెక్క, అంటే మీవాడికి పది పదమూడు మిల్లీలీటర్లు అవుతుంది. ఎంతో కాదు, పాలచెంచాతో రెండు మూడు చెంచాలు. డై గుండె దాటి బృహద్ధమనిలోకి వచ్చే క్షణం చూసుకుని స్కాన్ కొడతారు, స్కాన్ కొట్టే ఆ అసలు పని కొద్ది సెకన్లలో అయిపోతుంది. అందుకే కొన్నిచోట్ల మత్తు కూడా ఇవ్వరు, పాలు పట్టి, గుడ్డలో బిగుతుగా చుట్టి, నిద్రలోనే తీసేస్తారు. కొన్నిచోట్ల కొంచెం మత్తిస్తారు. మీ ఆసుపత్రిలో ఏ పద్ధతో ముందు రోజే అడుగు, ఎందుకంటే ఒక పద్ధతిలో పాలు పట్టి తీసుకురమ్మంటారు, రెండో పద్ధతిలో కడుపు ఖాళీగా ఉంచమంటారు, తేడా వస్తే ఆ రోజంతా వృథా.

మత్తున్నప్పుడు లెక్క ఇది: తల్లిపాలైతే నాలుగు గంటల ముందు ఆపాలి, డబ్బాపాలు, గేదెపాలు, రాగిజావ, ఉగ్గు లాంటివైతే ఆరు గంటల ముందు. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు పట్టొచ్చు. నీళ్ళ మాట గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, రోహిణి కార్తెలో మన వైపు రోళ్ళు పగిలే ఎండ. కందుకూరు నుంచి తిరుపతి వెళ్ళినా చెన్నై వెళ్ళినా నెల్లూరు దాటి పోవాల్సిందే, ఆ ప్రయాణంలో చంటిబిడ్డ ఒళ్ళు ఎండిపోయి చేరితే నరం దొరకదు, రక్తం చిక్కబడి గడ్డకట్టే ఛాన్స్ పెరుగుతుంది, డై బయటికి పోవాల్సిన మూత్రపిండాలకీ మంచిది కాదు. ‘ఎలాగూ కడుపు మాడ్చమన్నారు కదా’ అని రాత్రి నుంచే పాలు ఆపేసే వాళ్ళున్నారు. అలా చేయకు. గడియారం చూసి, ఆపమన్న టైమ్‌కే ఆపు.

మీ ఆయన చెప్పిన ఎమ్మారై మాట తప్పేమీ కాదు, నిజంగానే దానికి రేడియేషన్ లేదు. కానీ అరగంట నుంచి గంట దాకా బిడ్డ కదలకుండా పడుకోవాలి, పైగా ఆ మోత. ఏడు నెలల పిల్లాడు ఊరికే పడుకోడు కాబట్టి పూర్తి మత్తు కావాల్సొస్తుంది. సీటీలో రేడియేషన్ ఉంది, పెద్దల కంటే పసిపిల్లలకి అది ఎక్కువ తగులుతుంది, అందుకే 2008లో అమెరికాలో ‘ఇమేజ్ జెంట్లీ’ అని పిల్లల స్కాన్ల మీద ఒక ప్రచారమే మొదలైంది: అవసరమైతేనే తీయండి, అవసరమైన భాగం వరకే తీయండి, పిల్లల సైజుకి డోసు తగ్గించి తీయండి అని. మీ ఆయన్ని అడగమను, ‘పిల్లల డోసు సెట్టింగ్‌లోనే తీస్తారు కదా సార్’ అని. అడిగితే తప్పు పట్టే వాళ్ళెవరూ ఉండరు, ఉంటే అది వాళ్ళ తప్పు. నా మట్టుకు నాకు, ఇరుకు దగ్గర కొలతలు కావాల్సిన ఇలాంటి బిడ్డకి, కొద్ది సెకన్ల సీటీయే తేలిక అనిపిస్తుంది.

ఒక చిన్న సంగతి ఇక్కడే చెప్పాలి, చాలామంది చెప్పడం మర్చిపోతారు. ఈ డైలో అయోడిన్ ఉంటుంది కాబట్టి పసిపిల్లల్లో కొంతమందికి థైరాయిడ్ కొన్నాళ్ళు మందగించొచ్చు. 2022లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ, మూడేళ్ళలోపు పిల్లలకి ఈ డై ఇచ్చాక మూడు వారాల్లోపు థైరాయిడ్ చూడమని సూచించింది. గుండె జబ్బున్న చంటిపిల్లలకి ఇది మరీ ముఖ్యం. మీవాడికి సీటీలో ఒకసారి, క్యాథ్‌లో ఒకసారి డై పడుతుంది. డిశ్చార్జ్ కాగితంలో థైరాయిడ్ పరీక్ష రాశారో లేదో చూసుకో. ఒక్క రక్తపరీక్ష, కందుకూరులోనే చేయించుకోవచ్చు.

మరి ఫొటో వచ్చాక పైపెందుకంటావా? పైపు ఇప్పుడు ఫొటో కోసం కాదమ్మా, వైద్యం కోసం. ఇరుకు ఎంత పొడవుంది, పక్కనున్న మంచి భాగం ఎంత వెడల్పుంది, చేతికి పోయే రక్తనాళం దానికి ఎంత దగ్గర్లో ఉంది, ఇవన్నీ సీటీలో కొలుచుకుంటే ఏ సైజు బెలూన్ కావాలో ముందే ఒక అంచనా ఉంటుంది. లోపలికి వెళ్ళాక వెతుకులాట తగ్గుతుంది, డై తగ్గుతుంది, అన్నిటికంటే ముఖ్యంగా ఆ చిన్న ధమనిలో పైపు ఉండే టైమ్ తగ్గుతుంది. ఇరుకుకి ఎగువన ఎంత ప్రెషర్, దిగువన ఎంత ప్రెషర్ అన్నది నేరుగా కొలవాలంటే మాత్రం పైపుతోనే. బెలూన్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి కొలుస్తారు, ఆ తేడా ఎంత తగ్గిందన్నదే వాళ్ళకి మార్కులు. ఆపరేషన్ చేసిన చోట మళ్ళీ ఇరుకైతే, ఛాతీ మళ్ళీ కోయకుండా బెలూన్‌నే ముందు ఎంచుకోవడం మామూలు పద్ధతి. దానికీ ప్రమాదాలున్నాయి, సాగదీసిన చోట గోడ చిట్లడం, తర్వాత ఉబ్బడం లాంటివి, అరుదే గానీ ఉన్నాయి. ‘అవసరమైతే సర్జన్ అదే బిల్డింగ్‌లో ఉంటారా’ అన్నది తప్పకుండా అడగాల్సిన ప్రశ్న.

బొడ్డు దారి ఎప్పుడో మూసుకుపోయింది. పుట్టినప్పుడు బొడ్డుతాడులో రెండు ధమనులు, ఒక సిర (రక్తాన్ని గుండెకి తిరిగి తెచ్చే నాళం) ఉంటాయి, మొదటి కొద్ది రోజులు వాటిలోంచి పైపు వేయొచ్చు, ఆ తర్వాత అవి ముడుచుకుపోయి తాళ్ళలా మిగులుతాయి. మీ మామయ్యకి చేసినట్టు మణికట్టులోంచి చేయడానికి ఏడు నెలల బిడ్డకి అక్కడి ధమని మరీ సన్నం. ఐసీయూలో బీపీ చూడటానికి వెంట్రుకలాంటి కాన్యులా పెడతారు గానీ బెలూన్ అందులో పట్టదు. కొన్ని చోట్ల, కొన్ని జబ్బుల్లో, చంక దగ్గరి ధమనో మెడ ధమనో వాడతారు, అది డాక్టర్లు తేల్చుకునే విషయం. మామూలు దారి మాత్రం గజ్జల్లో ఉన్న తొడ ధమనే.

ఇక లోపల ఏం చేస్తారంటే: బాబు మత్తులో ఉంటాడు, ఒళ్ళు చల్లబడకుండా కింద వెచ్చటి దుప్పటి. నడుం కింద చిన్న టవల్ చుట్ట పెట్టి గజ్జ భాగం కొంచెం పైకి వచ్చేలా సర్దుతారు. ఆ వయసులో తొడ ధమని రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, దాని లోపలి పక్కనే సిర ఆనుకుని ఉంటుంది. మామూలుగా వేలితో నాడి పట్టుకుని గుచ్చుతారు గానీ, మీవాడికి ఉన్న జబ్బే కాళ్ళకి రక్తం సరిగా పోకపోవడం, నాడి వేలికి అందీ అందనట్టుంటుంది. అందుకే అల్ట్రాసౌండ్‌లో చూస్తూ గుచ్చడం మేలు. ప్రోబ్‌తో కొంచెం నొక్కితే సిర అణిగిపోతుంది, ధమని అణగకుండా కొట్టుకుంటూ కనపడుతుంది, సూది మొన ఎక్కడుందో కూడా కనపడుతుంది. పది పోట్లు పొడిచే పని ఒకటి రెండింటిలో తేలుతుంది. పోటు పెరిగిన కొద్దీ ఆ ధమని బిగుసుకుపోతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు. నేనైతే డాక్టర్‌ని అడిగే మొదటి ప్రశ్న ఇదే: ‘అల్ట్రాసౌండ్‌తో చూసే గుచ్చుతారా సార్?’

సూది తగిలి ఎర్ర రక్తం రాగానే అందులోంచి సన్న తీగ పంపుతారు, సూది తీసేస్తారు, తీగ మీదుగా షీత్ అనే మెత్తటి గొట్టం ఎక్కిస్తారు. 1953లో సెల్డింగర్ అనే స్వీడన్ రేడియాలజిస్ట్ చెప్పిన ఉపాయం ఇది, ఇవాళ్టికీ అదే. చంటిపిల్లలకి వాడేది ఎక్కువగా నాలుగు ఫ్రెంచ్ సైజు. ఒక ఫ్రెంచ్ అంటే మిల్లీమీటర్‌లో మూడో వంతు, అంటే దాని లోపల ఒకటీ మూడో వంతు మిల్లీమీటరు మందమున్న పైపు పడుతుంది, గొట్టం బయటి మందంతో కలిపి దాదాపు రెండు మిల్లీమీటర్లు. ధమనే రెండు మూడు మిల్లీమీటర్లన్నాను కదా, ఇప్పుడు అర్థమైందా మీ అత్తయ్య భయం ఎక్కడుందో? గొట్టం చుట్టూ రక్తం పారడానికి మిగిలే సందు చాలా తక్కువ. అక్కడ గడ్డ కట్టకుండా షీత్ పెట్టగానే హెపారిన్ ఇస్తారు, బరువుని బట్టి, కేజీకి యాభై నుంచి వంద యూనిట్లు.

పని అయ్యాక గొట్టం లాగేసి చేత్తో నొక్కి పట్టుకుంటారు. ఇది చూడటానికి మామూలు పనిలా ఉంటుంది, నాకు మాత్రం మొత్తం ప్రొసీజర్‌లో అత్యంత జాగ్రత్త కావాల్సిన పది పదిహేను నిమిషాలు ఇవే అనిపిస్తుంది. గట్టిగా నొక్కితే రక్తం ఆగుతుంది, కాలికి పోయేదీ ఆగుతుంది. మేం ఆ కాలి బొటనవేలికే ఆక్సిజన్ క్లిప్ తగిలించేవాళ్ళం. మానిటర్ మీద అలలు వస్తూనే ఉండాలి, గజ్జలో రక్తం కారకూడదు, వేలి బలం ఆ రెండింటి మధ్య ఉండాలి. అల మాయమైతే ఒక్క చిటికె వదలాలి.

ఆ తర్వాత పని నీది, మీ అత్తయ్యది. ఆమెని తీసుకెళ్ళు, ఇంట్లో వదిలేసి పోకు. కాలి మీద అంత పట్టున్న మనిషి వార్డులో కావాలి. వెళ్ళేముందే, ఇంట్లో బాబు ప్రశాంతంగా ఉన్నప్పుడు రెండు పాదాలూ అరచేతి వెనక భాగంతో తాకి చూడండి, ఎంత వెచ్చగా ఉన్నాయో గుర్తుపెట్టుకోండి. బొటనవేలి చివర నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి మళ్ళీ ఎరుపు ఎంత సేపట్లో వస్తోందో చూడండి, మామూలుగా రెండు మూడు సెకన్లలో వచ్చేయాలి. ప్రొసీజర్ అయ్యాక నర్సు మొదట్లో పదిహేను నిమిషాలకోసారి నాడి చూస్తుంది, మధ్యలో మీరు చూడండి. రెండు పాదాలూ దుప్పటి బయటే ఉండనివ్వండి, మేజోళ్ళు వద్దు. గుచ్చిన కాలు వాళ్ళు చెప్పినన్ని గంటలు తిన్నగా ఉంచాలి, మామూలుగా నాలుగు నుంచి ఆరు గంటలు.

మీవాడి విషయంలో ఒక మెలిక ఉంది. ముందే కాళ్ళ నాడి బలహీనం కాబట్టి ‘ఇదివరకూ ఇలాగే ఉండేది’ అని సర్దిచెప్పేసుకునే వీలుంది. కానీ బెలూన్ పనిచేస్తే కాళ్ళకి రక్తం పెరగాలి, గుచ్చని కాలి నాడి ముందుకంటే గట్టిగా కొట్టుకోవాలి. ఆ కాలు వెచ్చగా, నాడి బలంగా ఉండి, గుచ్చిన కాలు మాత్రం చల్లగా, పాలిపోయి ఉంటే అది పాత సంగతి కాదు, కొత్తది. వెంటనే చెప్పాలి, పొద్దున రౌండ్స్ దాకా ఆగకూడదు. మా వార్డులో పొదిలి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మమ్మ ఉండేది, అర్ధరాత్రి ‘సిస్టరమ్మా, ఈ పాదం జిల్లుమంటోంది, ఆ పాదం అట్టా లేదు’ అని లేపింది. డాప్లర్ పెడితే నిజమే. ఆ రాత్రే హెపారిన్ డ్రిప్ మొదలైంది, రెండో రోజుకి పాదంలో రంగు వచ్చింది.

నాడి తగ్గితే చేసేది కూడా అదే వరస. ఒక్కోసారి ధమని బిగుసుకుపోవడమే, కాసేపటికి తనంతట తనే వదులుతుంది. తగ్గకపోతే డాప్లర్ చూసి హెపారిన్ డ్రిప్, దానికీ లొంగకపోతే గడ్డ కరిగించే ఆల్టెప్లేస్ లాంటి మందు, చాలా అరుదుగా సర్జన్. త్వరగా పట్టుకుంటే చాలామందిలో మందులకే తెరుచుకుంటుంది. తెరుచుకోకపోయినా పసిపిల్లల్లో కాలు ఠక్కున చచ్చుబడటం చాలా అరుదు, పెద్ద కాలువ పూడితే పిల్లకాలువలు నీళ్ళు అందించినట్టు పక్కనున్న చిన్న నాళాలు పెరిగి రక్తం అందిస్తాయి. అయితే ఆ బిడ్డల్లో కొందరికి పెరిగేకొద్దీ ఆ కాలు కొంచెం పొట్టిగా, సన్నగా మిగలొచ్చు. మీ అత్తయ్య ఎక్కడో చూసి ఉంటే అలాంటి బిడ్డనే చూసి ఉంటుంది. ఇంకొకటి, రేపు ఎప్పుడైనా మళ్ళీ బెలూన్ కావాల్సొస్తే మూసుకుపోయిన దారి పనికిరాదు. ఇందుకే ‘నాడి వచ్చేస్తుందిలే’ అని తేలిగ్గా పంపించేస్తే ఒప్పుకోకు, డాప్లర్ చేసి కాగితం మీద రాసివ్వమను.

డబ్బు గురించి నువ్వు అడగలేదు, అయినా చెప్తాను. ఎన్టీఆర్ వైద్యసేవ, మనం ఇంకా ఆరోగ్యశ్రీ అనే అంటున్నామనుకో, అందులో పిల్లల గుండె చికిత్సలున్నాయి. కార్డు తీసుకుని ముందు ఆసుపత్రిలో ఉండే ఆ డెస్క్‌లో కనుక్కో, సీటీకి, బెలూన్‌కి విడివిడిగా అడుగు. తిరుపతిలో 2021లో టీటీడీ పెట్టిన శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం కూడా ఉంది, ఇప్పుడు చూపిస్తున్న చోట నమ్మకం కుదరకపోతే రెండో మాట అడగడానికి. పాత ఆపరేషన్ నోట్స్, ఎకో సీడీలు మాత్రం అన్నీ ఒకే సంచిలో పెట్టుకుని వెళ్ళు. బీపీ మందు వాడుతున్నట్టయితే ఆ పొద్దున వేయాలా వద్దా అని అడుగు. జలుబు, దగ్గు, జ్వరం ఉంటే బయల్దేరే ముందే ఫోన్ చేసి చెప్పు, మత్తు డాక్టర్ వాయిదా వేయొచ్చు, అక్కడిదాకా పోయి తిరిగి రావడం దండగ.

ఇంటికొచ్చాక గజ్జలో చిన్న కమిలిన మచ్చ ఉంటే భయం లేదు. అక్కడ ఉబ్బు పెరుగుతున్నా, కొట్టుకునే గడ్డలా తగిలినా, రక్తం కారినా, జ్వరం వచ్చినా, కాలు రంగు మారినా, ఆ కాలు కదపకుండా ఏడుస్తున్నా ముందు మీ ఆసుపత్రికి ఫోన్ చేయి, ఒంగోలో నెల్లూరో ఏది దగ్గరైతే అక్కడ డాప్లర్ ఉన్న చోటికి బయల్దేరు. డైపర్ ఆ పక్క బిగించకు, తడి నిలవనివ్వకు. ఇక అత్తయ్య కాళ్ళు చాపుకుని, బాబుని వాటి మీద వేసుకుని, నూనె పెట్టి తొడలు సాగదీసి నీళ్ళు పోసే పద్ధతి ఉంటుంది కదా, అది ఒక వారం ఆపమను. అంతవరకు గోరువెచ్చటి గుడ్డతో తుడవండి చాలు. తర్వాత ఎప్పటినుంచి మొదలుపెట్టొచ్చో మొదటి చెకప్‌లో గజ్జ చూపించి అత్తయ్యనే డాక్టర్‌ని అడగమను.